ఓబుసోన్ టేపెస్ట్రీ మ్యూజియం: దూరమే, అయినా వెళ్లొచ్చు

పారిస్ వచ్చిన మనవాళ్లలో టేపెస్ట్రీల మీద, అంటే గోడకి వేలాడదీసే బొమ్మల నేత తెరల మీద, కాస్త ఆసక్తి ఉన్నవాళ్లు క్లూనీ మ్యూజియంకి వెళ్లి, ఆ ఆరు యూనికార్న్ తెరలు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. అది చూడాల్సిందే, కాదనను. కానీ అసలు ఆ గుడ్డ ఎలా నేస్తారు, మూడు నాలుగు వందల ఏళ్లు గోడకి వేలాడితే దానికి ఏమవుతుంది అని తెలుసుకోవాలంటే మాత్రం క్రెజ్ జిల్లాలో ఓబుసోన్ అనే చిన్న ఊరి దాకా పోవాలి. ఒక పాత కళల బడి కట్టడాన్ని బాగుచేసి 2016లో అక్కడ అంతర్జాతీయ టేపెస్ట్రీ కేంద్రం తెరిచారు. పారిస్ నుంచి లా సూటెరేన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సో కారో. కారుంటేనే హాయి.

పాత తెరల హాలులో లైట్లు బాగా తగ్గించి ఉంటాయి, వెలుతురు తగిలితే రంగులు పోతాయి కాబట్టి. కళ్లు అలవాటు పడేదాకా కాసేపు ఆగండి. నాకు అన్నిటికంటే నచ్చినవి వెర్ద్యూర్లు, అంటే చెట్లూ ఆకులూ పిట్టలూ తప్ప పెద్దగా మనుషులు లేని తెరలు, ఈ ఊరు పేరు తెచ్చుకుంది వాటితోనే. మొదటిసారి చూసినవాళ్లు అడవంతా ఇంత నీలంగా ఎందుకు నేశారబ్బా అనుకుంటారు. నేసింది పచ్చగానే! ఆకుపచ్చ కోసం ఉన్నిని నీలంలోనూ, గోద్ అనే మొక్క నుంచి తీసిన పసుపులోనూ ముంచేవాళ్లు. పసుపు వెలుతురుకి ఆగదు, నీలం ఆగుతుంది, అందుకే అడవి నీలమైపోయింది. తెర వెనకవైపు వెలుతురు తగలదు కాబట్టి అక్కడ అసలు పచ్చదనం చాలావరకు మిగిలే ఉంటుంది. మన కోరమండల్ తీరం పాత కలంకారీ గుడ్డల్లో కూడా ఇదే తంతు, నీలం మీద అద్దిన పసుపు పోయి ఆకులు నీలంగా మిగిలాయి. క్లూనీలోని ఆ యూనికార్న్ తెరల్లో అయితే ఇంకో వింత: వాటి అడుగు భాగం పాడైతే 19వ శతాబ్దంలో మళ్లీ నేశారు, ఆ కొత్త ముక్క ఎరుపు వెలిసిపోయింది, 1500 ప్రాంతంలో నేసిన పైభాగం ఎరుపు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

నేసి చూపించే రోజుల్లో వెళ్లగలిగితే అదే అసలు లాభం, కాబట్టి ముందే కనుక్కోండి. ఇక్కడి మగ్గం అడ్డంగా పరిచి ఉంటుంది, పారిస్‌లోని గోబెలాన్ అనే నేత కార్ఖానాలో నిలువు మగ్గాలుంటాయి. పడుగు కింద బొమ్మ గీసిన కాగితం పెడతారు, దాన్ని చూస్తూ చిన్న చిన్న కండెలతో రంగు దారాలు దూర్చుకుంటూ పోతారు. మన ఉప్పాడ జమ్దానీలో నేల పేక ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతుంది, పువ్వుకి వేరే దారం కలుస్తుంది కదా, ఇక్కడ అలా కాదు, ఏ రంగు పేక ఆ రంగు హద్దు దాకానే వెళ్లి వెనక్కి తిరుగుతుంది, బొమ్మే గుడ్డ అన్నమాట. రెండు రంగులు నిలువుగా కలిసేచోట సన్నటి చీలికలు మిగిలితే తర్వాత సూదితో కుట్టేస్తారు. ఇంకా చిత్రమేంటంటే నేసేవాళ్ల కళ్లకి కనబడేది వెనకవైపే. ముందువైపు కిందికి ఉంటుంది, చిన్న అద్దం పెట్టి చూసుకోవాలి, నేసిన మేరకి చుట్టుకుపోతుంది కూడా. మొత్తం బొమ్మ చూసేది మగ్గం నుంచి కోసి దించిన రోజే. ఒక మనిషి నెలకి సుమారు చదరపు మీటరు నేస్తే గొప్ప, రేటు ఎందుకంత ఉంటుందో ఇక అడగక్కర్లేదు.

చరిత్ర బోర్డుల దగ్గర త్వరగా నడిచేశాను గానీ రెండు సంగతులు గుర్తుండిపోయాయి. 1665లో, పద్నాలుగో లూయీ రాజు కాలంలో, ఇక్కడి కార్ఖానాలకి రాజ కార్ఖానా హోదా వచ్చింది. 1685లో అదే రాజు ప్రొటెస్టెంట్ల హక్కులు తీసేస్తే నేతగాళ్లలో చాలామంది దేశం వదిలి పోయారు. ఆ మరుసటి ఏడాదే, 1686లో, మన దగ్గరి నుంచి వెళ్లే అద్దకం గుడ్డల్ని కూడా ఫ్రాన్స్‌లో నిషేధించారు, 1759 దాకా! సొంత నేతని కాపాడుకోవాలని ఒకపక్క ఆ చట్టం, ఇంకోపక్క నేతగాళ్లని తరిమేయడం. ఏం తెలివో మరి.

కొనేవాళ్లకి ఒక మాట. ఈ చుట్టుపక్కలే ఒక పాతసామాను దుకాణంలో జాకార్డ్ మిషన్ మీద నేసిన తెరని పాత ఓబుసోన్ అని అంటగట్టబోయారు. తిప్పి చూపించమన్నాను, వెనకంతా వరసలు వరసలుగా తీరైన రంగు చారలు. చేత్తో నేసినదానికి వెనక కూడా అదే బొమ్మ తిరగేసి కనబడుతుంది, దారపు కొసలు వేలాడుతుంటాయి, కుట్లు కనిపిస్తాయి. ఎప్పుడో ఎవరో వెనక అస్తరు గుడ్డ వేసి ఉంటే ఒక మూల కొంచెం ఎత్తి చూపించమనండి, చూపించకపోతే కొనకండి. గుర్తుకి ఏదో ఒకటి కావాలంటే మిషన్ మీద నేసిన కుషన్ కవరే మిషన్‌ది అని చెప్పి అమ్మేచోట కొనుక్కోండి, తప్పేం కాదు.

నా మార్కులు ఐదుకి నాలుగున్నర, ఆ అర దూరానికి తగ్గించాను. చీరలో పడుగూ పేకా చూసే అలవాటున్న అమ్మలూ అత్తలూ వస్తే తప్పకుండా తీసుకెళ్లండి, నాకంటే ముందే పట్టేస్తారు. పరిగెత్తే చిన్నపిల్లలతో ఆ చీకటి హాలు కష్టమే. వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, టికెట్ సంగతి తర్వాత, ముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకుని బయల్దేరండి.