మిగులు గుడ్లు: సున్నపు తేటలోనా, ఫ్రీజర్‌లోనా?

పెరటి కోళ్లు విరివిగా గుడ్లు పెట్టే నెలల్లో మిగిలినవాటిని దాచి, ఈకలు రాల్చే కాలంలో వాటికే మేతగా పెట్టడం మంచి పద్ధతి. ఈకలో సుమారు 85 శాతం ప్రోటీనే కాబట్టి ఆ రోజుల్లో కోడికి అది ఎక్కువగా కావాలి.

సున్నపు తేటకు కరెంటు అక్కరలేదు. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల స్వచ్ఛమైన పొడి సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) కలిపి, కడగని, పగుళ్లు లేని తాజా గుడ్లను పూర్తిగా మునిగేలా ఉంచితే, సున్నం పెంకులోని సన్నని రంధ్రాలను మూసివేయడం వల్లా, ఆ నీటి క్షారగుణం వల్లా అవి నెలల తరబడి నిలుస్తాయి. అయితే ఇందుకు చల్లని గది కావాలి. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో అటువంటి గది ఉన్న ఇళ్లు తక్కువ.

ఫ్రీజర్‌లో పెంకుతో పెడితే గుడ్డు పగులుతుంది. సొనలను గిలకొట్టి ఐస్ ట్రేలలో పోసి, మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచితే ఏడాది వరకు వాడుకోవచ్చు. కరెంటు కోతలు తరచుగా ఉండే ఊళ్లలో తప్ప నేను దీనినే ఎంచుకుంటాను.

ఏ విధంగా దాచినా ఉడికించే పెట్టాలి: పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్, బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనివ్వదు, పైగా పచ్చిగుడ్డు రుచి మరిగిన కోడి గూటిలోని గుడ్లను పొడుచుకు తినవచ్చు. సున్నపు తేటలోని గుడ్డును మాత్రం ఉడికించే ముందు బాగా కడిగి, పెంకుకు సూదితో రంధ్రం చేయాలి. లేకుంటే అది పగిలిపోతుంది.