తాడ్వాయి అడవిలో ట్రాఫిక్ జామ్, కుతిరాన్ సొరంగం, మా మేడారం మొక్కు

జాతరకు ముందు వచ్చే ఆదివారం సొంత బండిలో మేడారం పోయి మొక్కు తీర్చుకుని వద్దామనుకునేవాళ్లు పస్రా చేరకముందే ఇది చదవండి. హన్మకొండ నుంచి మేడారం సుమారు వంద కిలోమీటర్లు. ములుగు దాకా హాయిగా వచ్చేశాం. పస్రా నుంచి తాడ్వాయి మీదుగా సమ్మక్క-సారలమ్మ గద్దెల దగ్గరికి చేరడానికి మాత్రం ఐదు గంటలు పట్టింది.

2026 జాతర జనవరి 28 నుంచి 31 వరకు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ నాలుగు రోజుల జనంలో నిలబడే ఓపిక లేదు. అందుకే ముందస్తు మొక్కులకు బయల్దేరాం. అక్కా బావా, మా ఆవిడ, అత్తమ్మ, పిల్లలు, నేను. ఏడు సీట్ల బండికి డ్రైవర్ బత్తాతో కలిపి కిరాయి 5,500, డీజిల్ మాదే. ములుగు ముందు గట్టమ్మ దగ్గర ఆగకుండా ఎవరూ పోరు కదా, మేమూ ఆగాం. కొబ్బరికాయ 40 రూపాయలు. బండ్లు రోడ్డుకు రెండు పక్కలా పెట్టేయడంతో మధ్యలో ఒక బస్సు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. రాబోయే కష్టం అక్కడే తెలిసిపోయింది.

తాడ్వాయి దాటాక బండి పూర్తిగా ఆగిపోయింది. రెండు వరసల రోడ్డు, రెండు పక్కలా ఏటూరునాగారం అభయారణ్యం. మా ముందు ఒక ట్రాలీ ఆటో, అందులో పసుపు బొట్టు పెట్టిన మేకపోతు, పక్కన బెల్లం బుట్ట పట్టుకున్న ముసలమ్మ. వెనకున్న కార్లవాళ్లు ఓపిక పట్టలేక ఎదురు వరసలోకి దూరారు. అటునుంచి మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లూ అదే పని చేశారు. ఎవరూ ముందుకు రాలేరు, వెనక్కి పోలేరు. చివరికి ఒక ఆర్టీసీ డ్రైవరన్న బస్సు ఆపి కిందికి దిగి, చేతిలో తువ్వాలు ఊపుతూ ఒక్కో బండినీ వెనక్కి తీయించాడు. ఆయనకు దండం పెట్టాలి. మలుపు దగ్గర నిలబడ్డ పోలీసాయన్ని అడిగితే, "జాతర మొదలైతే వన్‌వే పెడ్తరు సార్, ఇప్పుడు మాకు ఆర్డర్ లేదు" అని ఫోన్ చూసుకుంటూ చెప్పాడు. అత్తమ్మకు మందుల టైం దాటిపోతోంది, పిల్లలు వాంతులు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

బావ ఆ కోపంలోనే సొరంగం సంగతి ఎత్తాడు. "కేరళల జేసినట్టు ఈడ గూడ సొరంగం తవ్వితే పీడ వోతది" అన్నాడు.

ఆయన చెప్పింది కుతిరాన్ గురించి. ఆ దారి మా ఇద్దరికీ బాగా తెలుసు. మాల వేసుకుని కారులో శబరిమల పోయినప్పుడు పాలక్కాడ్ దాటి త్రిస్సూర్ వైపు వెళ్తుంటే కుతిరాన్ కొండ అడ్డం వస్తుంది. అది పీచి-వాళాని అభయారణ్యం. రోడ్డంతా వెడల్పు చేసుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ అడవి దగ్గర ఆగిపోయారు. ఇరుకు ఎత్తు మీద ఒక్క లారీ మొరాయిస్తే చాలు, కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచిపోయేవి. కొండ మీద శాస్తా గుడి ఉంది. పోయే ప్రతి లారీ డ్రైవరూ అక్కడ నెమ్మది చేసి చిల్లర వేసేవాడు, మన గట్టమ్మ దగ్గర మొక్కినట్టే. ఆ జాములో ఇరుముడి కట్టిన స్వాములు రోడ్డు మీదే కూర్చుని భజన చేయడం నేను చూశాను.

అక్కడ సొరంగం పని 2016లో మొదలైంది. డబ్బులు అందక, అటవీ అనుమతులు రాక, మధ్యలో రాళ్లు విరిగిపడి ఎన్నిసార్లు ఆగిందో. చివరికి మొదటి గొట్టం 2021 జూలై 31న, రెండోది 2022 జనవరిలో తెరిచారు. ఒక్కొక్కటి కిలోమీటరుకు కొంచెం తక్కువ, ఒక్కోదాంట్లో మూడు వరసలు. కేరళలో మొదటి రోడ్డు సొరంగం అదే. తర్వాత పోయినప్పుడు అటునుంచి ఇటు రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కప్పుకు వేలాడే పెద్ద ఫ్యాన్లు పొగను బయటికి తోస్తుంటాయి. వరసగా లైట్లు, పైన కొండ, కొండ మీద అడవి ఉన్నది ఉన్నట్టే. నాకు ఒళ్లు పులకరించింది. 2022లోనే ఒక టిప్పర్ వాడు బకెట్ పైకెత్తి అలాగే లోపలికి దూసుకుపోయి వందకు పైగా లైట్లు పగలగొట్టాడని తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది.

అంత నచ్చినా తాడ్వాయికి అది పనికిరాదనే బావతో వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. కుతిరాన్‌లో రోడ్డుకు అడ్డంగా కొండ ఉంది కాబట్టి దాని కిందినుంచి తొలిచారు, పైన చెట్టు కదల్లేదు. మన దారికి అలాంటి గుట్ట అడ్డం లేదు. నేల చదునుగా ఉన్నచోట సొరంగమంటే మామూలుగా పైనుంచి కందకం తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, మళ్లీ మన్ను కప్పడమే. అంత వెడల్పున అడవి కొట్టేయాల్సిందే. పోనీ లోతుగా తొలుద్దామంటే దిగడానికీ ఎక్కడానికీ రెండు వైపులా పొడుగాటి వాలు కావాలి. గాలి, కరెంటు, నీళ్లు తోడే మోటార్లు ఏడాది పొడుగునా నడవాలి. కుతిరాన్‌లో ఆ రద్దీ రోజూ ఉంటుంది కాబట్టి ఆ ఖర్చుకు అర్థం ఉంది. మన జాతర రెండేళ్లకోసారి.

ఇంకో మాట. ఆగిన బండిలోంచి చూస్తే రోడ్డు పక్కన ఒకచోట అడవి లేదు, ఆకాశం కనిపిస్తోంది. 2024 ఆగస్టు 31 నాటి సుడిగాలికి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయిన అడవి ఇదే. అదే ఏడాది డిసెంబర్ 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, హన్మకొండలో మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. భూమి కదిలేచోట సొరంగాలు కట్టరని కాదు, హిమాలయాల్లో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ కట్టారు. కానీ ఖర్చు, జాగ్రత్త రెండూ పెరుగుతాయి. అత్తమ్మ మాత్రం ఒక్కటే అంది: "ఎస్సెల్బీసీల ఎనిమిది మంది వోయిన్రు గదా, మల్ల సొరంగం పేరెత్తకున్రి." 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలిన తర్వాత మన రాష్ట్రంలో సొరంగమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

దర్శనం బాగా జరిగింది. గద్దెల దగ్గర అత్తమ్మను చూసి వాలంటీర్ పిల్లలు పక్కనుంచి పంపారు. బంగారం (మొక్కుగా ఇచ్చే బెల్లం) కిలో 70, నాటుకోడి 900, జంపన్నవాగు దగ్గర పార్కింగ్ 100. పార్కింగ్ రసీదు అడిగితే ఇవ్వలేదు.

మళ్లీ తాడ్వాయి వైపు పోయే ధైర్యం లేక నార్లాపూర్, బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు తిరిగాం. దారి ఖాళీ! ఆ రాత్రి భూపాలపల్లిలో ఒక లాడ్జిలో దిగడమే మా పాపం. ఫోన్లో గది 1,500 అన్నారు, పోయాక "జాతర రేటు" అని 2,800 అడిగారు. పిల్లలు నిద్రలో తూలుతుంటే బేరమాడలేక ఇచ్చేశాం. దుప్పట్ల మీద ముందు దిగినవాళ్లు పోసుకున్న కుంకుమ మరకలు అలాగే ఉన్నాయి. మార్చమంటే ఉతికినవి లేవన్నారు. గీజర్ స్విచ్ వేస్తే గదంతా కరెంటు పోయింది. వేడినీళ్లకు బకెట్ 30 అట! అక్క తన చీరలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది. డబ్బు ముందే పూర్తిగా ఇవ్వకండి, గది చూశాకే ఇవ్వండి.

పొద్దున బస్టాండ్ దగ్గర ఒక అక్క పెట్టిన బండి మీద తిన్న సర్వపిండికి మాత్రం రాత్రి కోపమంతా దిగిపోయింది. అప్పుడే గంజు మీంచి తీసింది, అంచులు కరకరా, నడుమ వేసిన చిల్లుల చుట్టూ నూనె చిటపటలాడుతోంది, పల్లీలు పంటికి తగులుతున్నాయి. ఒక్కోటి 25. బావ మూడు తిని మళ్లీ నాతో మాట్లాడాడు.

గణపురం కోటగుళ్లు, రామప్ప చూసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం.

జాతర నాలుగు రోజులూ సొంత బండ్లను పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా పంపి, తిరుగు ప్రయాణం భూపాలపల్లి, పరకాల వైపు మళ్లించి, తాడ్వాయి దారిని ఆర్టీసీ బస్సులకు వదిలేసే పద్ధతి ఇప్పటికే ఉంది, బాగానే నడుస్తోంది. దాన్ని జాతరకు ముందు నెల రోజుల ఆదివారాలకూ, జాతర తర్వాత వారానికి వచ్చే తిరుగువారం పండుగకూ పెట్టండి. అడవిలో రోడ్డు పక్కన బండి ఆపితే ఫైన్ వేయండి. గట్టమ్మ దగ్గర రోడ్డుకు దూరంగా పార్కింగ్ చూపించండి. ఆర్డర్ ఇవ్వాల్సిన అధికారులెవరైనా ఇది చదివితే, వచ్చే ఆదివారం లోపే ఇవ్వండి.