బ్రిస్టల్ ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్: ముందు కిందికి దిగండి

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పాత రేవులు, క్రేన్లు చూడాలనుకునే మనవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ ఓడ మ్యూజియమే. ఇంజనీర్ బ్రునెల్ డిజైన్ చేసిన ఈ ఇనుప ఓడను ఈ డ్రై డాక్‌లోనే (నీళ్లు తోడేసి ఓడలు కట్టే గుంట) కట్టి, 1843లో నీళ్లలోకి వదిలారు. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్స్ దీవుల్లో దశాబ్దాలు పడి ఉండి, 1970లో మళ్లీ ఇక్కడికే చేరింది. పైన డెక్కు, ఫస్ట్ క్లాస్ భోజనశాల బాగానే ఉన్నాయి గానీ అసలు విషయమంతా ఓడ అడుగున, డాక్ లోపలే ఉంది. నెత్తిమీద అద్దం, దానిపైన పల్చగా నీళ్లు. కింద తుప్పు ముదరకుండా యంత్రాలు గాలిలో తేమ లాగేస్తుంటాయి. పెదవులు ఎండిపోతాయి, మంచినీళ్లు తాగి దిగండి. పొరలు పొరలుగా లేచిన రేకులు, చిల్లులు, వరసగా రివెట్లు చూస్తూ అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. పెద్ద చీలిక ఒకటుంది, చూడకుండా రావద్దు. ఓడను తెచ్చేటప్పుడు నీళ్లు రాకుండా ఆ చీలికలో పరుపులు కుక్కారు! టికెట్ ఖరీదే, అయినా ఇచ్చిన ప్రతి పౌండూ గిట్టుబాటైంది. పిల్లలుంటే పొద్దున్నే వెళ్లండి.