బీమిమ్ పీఎఫ్6, బీఎఫ్4: చాలాకాలం వాడాక నా సమీక్ష

హైదరాబాద్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తూ ఈ రెండు అయానిక్ లిక్విడ్లను చర్యలకు ద్రావకాలుగా కొన్నేళ్లుగా వాడుతున్నాను. రెండింట్లోనూ ఉన్నది 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం, పొట్టిగా బీమిమ్. దానికి జోడీగా ఒకదాంట్లో హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ (పీఎఫ్6), ఇంకోదాంట్లో టెట్రాఫ్లోరోబోరేట్ (బీఎఫ్4) ఉంటాయి. నిజానికి ఇవి లవణాలే, కాకపోతే మన గది వేడికే ద్రవంగా ఉంటాయి. పనితనానికి వంక పెట్టలేను. పెలాడియం ఉత్ప్రేరకం ద్రవంలోనే నిలిచిపోతుంది, తయారైన పదార్థాన్ని ఈథర్‌తో లాగేసుకుని అదే ద్రవాన్ని మళ్లీ వాడుకోవచ్చు. భద్రత విషయంలో వీటికున్న మంచి పేరు మాత్రం సగమే నిజం. మిగతా సగాన్ని కొత్తగా ల్యాబ్‌లో చేరేవాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పడం లేదన్నదే నా బాధ.

ఆ మంచి పేరంతా ఒక్క గుణం వల్ల వచ్చింది. ఇవి మామూలు వేడికి ఆవిరి కావు. గాల్లో కలవవు, వాసన రాదు, దగ్గర్లో నిప్పురవ్వ పడ్డా ఈథర్‌లా భగ్గున అంటుకోవు. దాంతో "గ్రీన్ సాల్వెంట్", అంటే పర్యావరణానికి హాని చేయని ద్రావకం, అన్న ముద్ర పడింది, ఆ ముద్ర చూసి జాగ్రత్తలు సడలిపోయాయి. మా దగ్గర చేరిన ఒక జూనియర్ గ్లవ్స్ లేకుండానే సీసా మూత తీస్తూ, "వాసనే రాదు కదక్కా, దీనికి కూడా కావాలా?" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. తను చదివిన ప్రతి రివ్యూ మొదటి పేరాలో అదే రాసి ఉంది.

ఆవిరి కాదంటే పడిన చోటే ఉంటుందని అర్థం. అసిటోన్ చుక్క చేతి మీద పడితే చూస్తుండగానే ఆరిపోతుంది. ఇది ఆముదంలా పాకి అక్కడే ఉండిపోతుంది. త్రాసు పళ్లెం అంచున పడిన చుక్క మర్నాటికీ ఉంటుంది, అక్కడి నుంచి తలుపు పిడికి, ఫోన్‌కి, టిఫిన్ డబ్బాకి చేరుతుంది. నీళ్లతో తుడిస్తే బీఎఫ్4 పోతుంది కానీ పీఎఫ్6 పోదు. అది నీళ్లలో కలవదు, నీటికంటే బరువు, సాంద్రత సుమారు 1.37. తడిగుడ్డతో తుడిస్తే పరుచుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ముందు టిష్యూతో అద్ది తీసేసి, తర్వాత అసిటోన్ తడిపిన టిష్యూతో తుడిచి, ఆ టిష్యూలను ఘన వ్యర్థాల డబ్బాలో వేయాలి. వీటిని తయారుచేయడానికి వాడే బీమిమ్ క్లోరైడ్ ఇంకా ప్రమాదం. దాని సీసా మీద పుర్రె గుర్తే ఉంటుంది, మింగితే విషం. సుమారు 70 డిగ్రీల దాకా గడ్డగానే ఉండాల్సిన ఆ పదార్థం, మన జూలై తేమలో మూత కాస్త వదులుగా ఉంటే చాలు, నీళ్లు లాగేసుకుని ద్రవమైపోతుంది.

అసలు ప్రమాదం నీళ్లూ వేడీ కలిసిన చోట ఉంది. ఈ రెండు లవణాల్లోనూ ఫ్లోరిన్ ఉంది కదా, నీటితో చర్య జరిగితే అది హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా (హెచ్‌ఎఫ్) బయటికొస్తుంది, నీళ్లలో కలిస్తే అదే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. బీఎఫ్4 విషయంలో తడి ఉంటే గది వేడి దగ్గరే మెల్లగా మొదలవుతుంది. పీఎఫ్6 కొంత మొండిదే, అయితే ఆమ్లం తగిలినా, బాగా వేడెక్కినా అది కూడా విడిపోతుంది. ఇది కొత్త సంగతి కూడా కాదు. అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం పీఎఫ్6 నీటితో విడిపోతుందని, అయానిక్ లిక్విడ్లు అన్నివేళలా "గ్రీన్" కావని 2003లోనే ప్రచురించింది. ఇన్నేళ్లయినా అది మన బెంచీల దాకా రాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పక్క ల్యాబ్ వాళ్లు ఒకసారి ఒక ఫ్లాస్క్ తెచ్చి చూపించారు. పీఎఫ్6లో ఆమ్లం కలిపి, ఆరబెట్టకుండానే రాత్రంతా వేడిచేశారు. ఎన్నిసార్లు కడిగినా లోపలి గోడ మీద తెల్లటి మసక పోలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే ద్రవం ఎంతవరకు ఉందో ఆ గీత దాకా గాజు గరుకెక్కి ఉంది. గాజును తినేసేది హెచ్‌ఎఫ్. అదే ద్రవం మిగిలి ఉన్న సీసా మూతి దగ్గర ఆమ్లం ఉంటే రంగు మారే పీహెచ్ పేపర్ తడిపి పట్టుకుంటే క్షణాల్లో ఎర్రబడింది.

హెచ్‌ఎఫ్ గురించి తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే అప్పటికప్పుడే మంట పుడుతుంది, చేయి వెనక్కి లాగేసుకుంటాం. పలుచని హెచ్‌ఎఫ్ పడితే కొన్ని గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. ఈలోగా చర్మం దాటి లోపలికి పోయి ఒంట్లోని కాల్షియంను పట్టేసుకుంటుంది. మోతాదు పెరిగితే గుండె లయే తప్పుతుంది. అందుకే ఈ ద్రవాలు వాడే గదిలో 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండి తీరాలి. తాళం వేసిన బీరువాలో ఉంటే లాభం లేదు, చేయి చాపితే అందాలి. ట్యూబ్ మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా చూస్తూ ఉండండి. అనుమానం వస్తే ముందు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే జెల్ రుద్దాలి. రుద్దేవాళ్లు కూడా గ్లవ్స్ వేసుకోవాలి. నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లగానే "యాసిడ్ పడింది" అనకుండా "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్" అని పూర్తి పేరు చెప్పాలి. చికిత్స వేరు కాబట్టి సేఫ్టీ డేటా షీట్ ప్రింట్ వెంట తీసుకెళ్లడం మంచిది.

పీఎఫ్6ను ల్యాబ్‌లోనే చేసుకునేవాళ్లకు ఒక మాట. హెక్సాఫ్లోరోఫాస్ఫోరిక్ ఆమ్లంతో చేస్తే పని త్వరగా అవుతుందని చాలామంది అదే వాడతారు. దయచేసి దాని బదులు పొటాషియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణం వాడండి. ఆమ్లంతో చేస్తే వేడి పుట్టడం ఒక సమస్య అయితే, మిగిలిపోయిన కొంచెం ఆమ్లమే తర్వాత ఆ ద్రవం విడిపోవడానికి దారి తీస్తుంది. కడిగిన నీళ్లు తటస్థంగా వచ్చేదాకా, సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకుండా ఉండేదాకా (తెల్లబడితే క్లోరైడ్ ఇంకా మిగిలి ఉన్నట్టు) కడగాలి. తర్వాత వాక్యూమ్‌లో మెల్లగా ఆరబెట్టాలి, తొందరపడి వేడి పెంచొద్దు.

వేడి గురించి కేటలాగుల్లో కనిపించే అంకెలను కూడా నేను నమ్మను. 300 డిగ్రీలు దాటినా చెక్కుచెదరదని రాస్తారు. నిమిషానికి పది డిగ్రీల చొప్పున గబగబా వేడిచేసి కొలిచినప్పుడు వచ్చే అంకె అది. గంటల తరబడి వేడిలో ఉంచితే అంతకంటే చాలా తక్కువ దగ్గరే విడిపోవడం మొదలవుతుంది. ఆ విడిపోయిన ముక్కలకు ఆవిరీ ఉంటుంది, మండే గుణమూ ఉంటుంది. కాబట్టి వేడిచేసే పని ఏదైనా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

వ్యర్థాల విషయానికొస్తే, సింక్‌లో పోయడం పెద్ద పొరపాటు. ఇమిడజోలియంకు తగిలించిన కార్బన్ గొలుసు పొడవయ్యే కొద్దీ నీటిలోని ప్రాణులకు విషం పెరుగుతుంది. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో ఒక చెత్త డంప్ దగ్గరి మట్టిలో ఆక్టైల్ (ఎనిమిది కార్బన్ల) గొలుసున్న ఇమిడజోలియం దొరికిందని, దానికీ ఒక కాలేయ జబ్బుకీ సంబంధం ఉండొచ్చని 2018లో పరిశోధకులు రాశారు. అది ఇంకా అనుమానమే, రుజువు కాలేదు. కానీ పరిశ్రమల వ్యర్థాలతో పాడైన పటాన్‌చెరు నక్కవాగు కథ తెలిసిన మనం రుజువు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. మా దగ్గర వీటికి విడిగా పాలిథీన్ క్యాన్ పెట్టాం, గాజు సీసా వాడం. ఆ క్యాన్‌లో ఆమ్ల వ్యర్థాలు ఎవరూ పోయకుండా మూత మీదే తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి అంటించాం.

మళ్లీ కొంటానా అంటే, పని బట్టి. నీళ్లు లేకుండా, తక్కువ వేడిలో చేసే చర్యలకు పీఎఫ్6 ఇప్పటికీ తెప్పిస్తాను. నీళ్లు తప్పని చోటా, ఎక్కువ వేడి కావాల్సిన చోటా బీమిమ్‌కు జోడీగా ట్రిఫ్లిమైడ్ ఉన్న లవణానికి మారిపోయాను. ధర ఎక్కువే, ఇండెంట్ (కొనుగోలు కోరిక) పెట్టిన ప్రతిసారీ ప్రశ్నలు వస్తాయి, ఓపిగ్గా జవాబు చెబుతాను. అది నీటితో ఇలా విడిపోయి హెచ్‌ఎఫ్ ఇవ్వదు, అయినా గ్లవ్స్, కళ్లద్దాలు, వేస్ట్ క్యాన్ నియమాలు దానికీ అవే. బీఎఫ్4ను మాత్రం కొత్తగా తెప్పించడం మానేశాను. ఉన్న పాత సీసాలన్నింటి మీదా తెరిచిన తేదీ రాయించాను. తేదీ లేని సీసా కనిపిస్తే ముందు హుడ్‌లో పెట్టి పీహెచ్ పేపర్‌తో చూశాకే ముట్టుకుంటున్నాం.