హాంబర్గ్‌లో సాలొమొన్ హైనె జాడలు వెతుకుతూ

శనివారం పొద్దున్నే రైలు దిగి కోనిగ్‌స్ట్రాసెలోని పాత యూదు శ్మశానం దగ్గరికి వెళ్తే గేటుకు తాళం. యూదుల విశ్రాంతి దినాన అది తెరిచి ఉంటుందనుకోవడం నా తెలివితక్కువతనమే.

ఆల్టోనా స్టేషన్ పక్కనే బస తీసుకోవడం మాత్రం కలిసొచ్చింది. గది అగ్గిపెట్టంత, హీటరు రాత్రంతా టకటకలాడింది, ఫలహారంలో శాకాహారికి దక్కింది రొట్టె, జున్ను, పండ్లే. అయినా రోజు టికెట్టు ఒకటి కొంటే ఊరంతా తిరగొచ్చు.

నేను వెతుకుతున్నది 1767లో హనోవర్‌లో పుట్టి, కుర్రవాడిగా హాంబర్గ్ చేరి, హుండీల (సొమ్ము చెల్లింపు పత్రాల) వ్యాపారంతో పైకొచ్చిన సాలొమొన్ హైనె కోసం. జర్మన్ కవి హైన్‌రిష్ హైనెకు చిన్నాన్న. ఆ కవిని వ్యాపారంలో పెట్టాలని చూశాడు. అలా పెట్టించిన బట్టల కొట్టు 1819లోనే దివాలా తీసింది.

యుంగ్‌ఫెర్న్‌స్టీగ్ వీధిలో సాలొమొన్ ఇల్లు ఇప్పుడు లేదు. 1842 అగ్నిప్రమాదంలో మంటలు ముందుకు పాకకుండా దాన్ని పేల్చేశారు. బీమా సొమ్ము వదులుకున్నాడట. ఇప్పుడక్కడ దుకాణాలు, ఖరీదైన కాఫీ. నా దృష్టిలో ఒక గంట వృథా.

ఆయన భార్య బెట్టీ జ్ఞాపకార్థం 1843లో తెరిచిన ఆసుపత్రి భవనం సాంక్ట్ పౌలీలో, రాత్రివేళ సందడిచేసే రీపర్‌బాన్‌కు సమాంతరంగా ఉన్న వీధిలో ఉంది. ఆసుపత్రి వేరేచోటికి మారింది. ఈ ఊరికి ఇంత చేసిన మనిషికి, యూదుడు కాబట్టి, పూర్తి పౌరసత్వం రాలేదు. ఆ హక్కు 1849లో వచ్చింది. ఆయన 1844లోనే పోయాడు.

ఆదివారం మళ్లీ శ్మశానానికి. మగవాళ్లు తల కప్పుకోవాలి. నాకు మఫ్లరు పనికొచ్చింది. 1611లో మొదలైన ఈ స్థలంలో పోర్చుగల్ నుంచి వచ్చిన యూదుల సమాధి రాళ్లు నేలకు పరిచి ఉంటాయి, జర్మన్ యూదులవి నిలబెట్టి ఉంటాయి. రాళ్ల ఆకారం చూసే ఏ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోవచ్చు. కవి తండ్రి జామ్సన్ హైనె ఇక్కడే ఉన్నాడు. రెండు గంటలు చాలలేదు. హీబ్రూ రాకపోయినా చెక్కిన బొమ్మలు చాలు, తిరగడానికి.

అక్కడి నుంచి ఎల్బ్‌షోసేలోని 31వ నంబరు తోట ఇంటికి నడిచే వెళ్లాను. హైనె వేసవి విడిది మొత్తంలో మిగిలింది ఈ చిన్న ఇల్లే. లోపలికి వెళ్లాలంటే వేళలు ముందే కనుక్కోవాలి. ఆరోజు నాకు దొరికింది బయటి గోడ, తడిసిన గడ్డి, దిగువన ఎల్బే నది మీద మెల్లగా కదులుతున్న ఓడ.