రోమన్ అంకెల్లో కార్డ్స్: మ్యూజ్‌స్కోర్, మ్యూజిక్21 బాగా వాడాక

కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) స్కేల్‌లో ఎన్నో స్వరం మీద కట్టిందో చెప్పేవి రోమన్ అంకెలు, శ్రుతి మారినా అవి మారవు. ఆ అంకెలు షీట్ మీద అందంగా కనబడితే చాలనుకునేవాళ్లకి మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్, ఆ అంకె అంటే ఏంటో కంప్యూటర్‌కి కూడా తెలియాలంటే మ్యూజిక్21 అనే పైథాన్ లైబ్రరీ. రెండూ ఉచితమే, కాకపోతే రెండోదానికి పైథాన్ ప్రోగ్రామింగ్ కాస్త వచ్చుండాలి. నేను వీటి జోలికి వెళ్లింది సింగర్స్ వల్ల. ఆయన ఒకటిన్నర శ్రుతిలో పాడే పాట ఆమెకి ఐదున్నరలో కావాలి, ప్రతిసారీ కార్డ్స్ తిరగరాస్తూ కూర్చుంటామా?

మ్యూజ్‌స్కోర్‌లో నోట్ ఎంచుకుని, యాడ్ మెనూలో టెక్స్ట్ కిందున్న రోమన్ న్యూమరల్ అనాలిసిస్ నొక్కి టైప్ చేయడమే. ఐదో కార్డ్ పక్కన 65 (నాలుగు స్వరాల సెవెంత్ కార్డ్‌లో మూడో స్వరాన్ని అన్నిటికన్నా కింద పెట్టమనే గుర్తు) కొడితే ఆరు పైన, ఐదు కింద చక్కగా సర్దుకుంటాయి. అయితే ఇదంతా కంపానియా అనే ఫాంట్ చలవ. సాఫ్ట్‌వేర్‌కి అది ఉత్త అక్షరం, కింద తప్పు అంకె రాసినా ఏమీ అనదు, ప్లే చేస్తే మోగదు. మామూలు కార్డ్ సింబల్స్ మోగుతాయి, ట్రాన్స్‌పోజ్ చేస్తే (శ్రుతి మారిస్తే) మారతాయి కూడా. వీటికి మారే అవసరమే లేదనుకోండి.

మ్యూజిక్21 సంగతి వేరు. సి మేజర్‌లో 'ఐదుకి ఐదు, 65' (అంటే ఐదో స్వరాన్నే కొత్త 'స'గా అనుకుంటే వచ్చే ఐదో కార్డ్) అని అడిగితే ఎఫ్ షార్ప్, ఎ, సి, డి అని బేస్ (అన్నిటికన్నా కింది స్వరం) నుంచి వరసగా చెప్తుంది, కీ ఇ ఫ్లాట్‌కి మారిస్తే ఎ, సి, ఇ ఫ్లాట్, ఎఫ్. (కీ పేరులో ఫ్లాట్‌కి మైనస్ గుర్తు పెట్టాలి, అలవాటయ్యేదాకా విసుగే.)

అసలు తలనొప్పి మైనర్‌లో. పెద్ద అక్షరాలంటే (VI) మేజర్ కార్డ్, చిన్నవంటే (vi) మైనర్ కార్డ్. ఎ మైనర్‌లో పెద్ద అక్షరాల ఆరు అంటే ఎఫ్, ఎ, సి, సరే. అదే చిన్న అక్షరాల్లో రాస్తే ఎఫ్ షార్ప్, ఎ, సి షార్ప్ వస్తుంది, అంటే రూటే (కార్డ్‌కి మూలమైన స్వరమే) జరిగిపోతుంది! పైగా మేజర్‌తో పోల్చుకుని మైనర్‌లోనూ 'ఫ్లాట్ ఆరు' అని రాసే అలవాటున్నవాళ్లు ఆరు, ఏడు స్థానాల సెట్టింగ్‌ని 'కాషనరీ'కి మార్చుకోవాలి, లేకపోతే ఎఫ్ కాస్తా ఇంకో అరమెట్టు దిగుతుంది.

స్వరాలిచ్చి అంకె చెప్పమనే ఫంక్షన్ కూడా ఉంది కానీ దాన్ని గుడ్డిగా నమ్మలేం, ముందేం వచ్చింది, తర్వాతేం వస్తుంది చూడదు కాబట్టి. సి మేజర్‌లో సి, ఇ, జి, ఎ ఇస్తే ఆరో కార్డ్ 65 అంటుంది. పాట చివర అవే స్వరాలున్న సి సిక్స్త్ (సి మూలంగా ఉండే కార్డ్) మీద ఆగినప్పుడు కూడా అదే మాట. అలాంటివి నేను చెవితో విని చేత్తోనే దిద్దుతున్నా.