విజయనగరం: లాడ్జి మోసం, సున్నపు గోడ సంతోషం

విజయనగరం వెళ్లేవాళ్లు ఫోన్లో చెప్పిన రేటు నమ్మి లాడ్జికి వెళ్లకండి. స్టేషన్ దగ్గర మేం దిగినచోట ఏసీ గది 1,400 అన్నారు. తీరా సామాన్లు దించాక 1,850 కట్టించుకున్నారు. ఏసీ పనిచేయలేదు. అడిగితే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "రేపు చూద్దాం" అన్నాడు. మా బావ రిటైరైన సివిల్ ఇంజినీరు. గోడల చెమ్మ వాసనకి రాత్రంతా నిద్రపట్టక, పొద్దున టిఫిన్ దగ్గర కూడా ముభావంగానే ఉన్నాడు.

1713లో పునాది పడ్డ కోట, గురజాడ వారి ఇల్లు, 1919 నాటి సంగీత కళాశాల మధ్యాహ్నంలోపే చూసేశాం.

తర్వాత 80 రూపాయల ఆటోలో కంటోన్మెంట్ వైపు ఒక పాత చర్చికి వెళ్లాం. లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖలో దిగి, ఆ తర్వాత ఇటూ వచ్చారు కాబట్టి ఈ ప్రాంతంలో పాత ప్రార్థనా మందిరాలు అక్కడక్కడా ఉన్నాయి. ఈ చర్చి ఉత్తరపు గోడకి ఎప్పుడో సిమెంటు పూశారు. సున్నంతో కట్టిన గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పడితే ఆ నీరు లోపలే ఉండిపోయి ఉప్పు పొంగుతుంది, ఇటుక గుల్లవుతుంది. అక్కడ వేలితో గీస్తే ఎర్రపొడి రాలింది. నాకు నిజంగా బాధేసింది.

దక్షిణపు గోడ దగ్గర మాత్రం ఒక ముసలి మేస్త్రి గార పూస్తున్నాడు. నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుక పొడి, వాటిలో బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు. బావ అక్కడే చతికిలపడ్డాడు.

"పాత సిమెంటు తీసేటప్పుడు ఇటుక పోదా?"

"ఉలితో నెమ్మదిగా గీకాల బాబూ. సుత్తితో బాదితే ఇటుకా వచ్చేస్తాది. పూశాక తడి గోనె కప్పి ఉంచాల. తొందర పనికిరాదు."

రెండు గంటలు కదల్లేదు బావ. సాయంత్రం మెస్సులో 120 రూపాయల భోజనం ఇద్దరం హాయిగా తిన్నాం.

ఉత్తరపు గోడకి టైల్స్ వేయిస్తామని ఎవరో దాత ముందుకొచ్చారట. ఒప్పుకోవద్దని బావ సంఘ పెద్దలకి గట్టిగా చెప్పి, సున్నం ఖర్చుకని 1,000 ఇచ్చి రసీదు తీసుకున్నాడు. మీరు వెళ్తే ఆదివారం ఆరాధన వేళ కాకుండా వెళ్లండి. ఇవ్వాలనిపిస్తే ఆ మేస్త్రి కూలికే ఇవ్వండి, టైల్స్‌కి మాత్రం వద్దు.